తెలుఁగింటి మహానసము: ముదిగొండసీమ సాక్ష్యము

వ్యాకరణపాఠము నారంభించిన బాలునకు గురువు మొట్టమొదట నేర్పు క్రియలలో "పచతి" యొకటి. దేవదత్తుఁడు స్థాలియందుఁ గట్టెలచేత నోదనమును బచించుచున్నాఁడు. దేవదత్తుఁడు కర్త, ఓదనము కర్మము, కట్టెలు కరణము, స్థాలి యధికరణము. ఈ యొక్క వాక్యమును బట్టుకొని కారకప్రకరణమున సగము బోధింపవచ్చును. నేనును ముప్పది సంవత్సరములుగా దీనినే చెప్పుచు వచ్చితిని. అయినను ఆ దేవదత్తుఁడు బియ్యమునకు నీరెంత పోసెనో, గంజి వార్చెనో మానెనో, కట్టెల నెప్పుడు వెనుకకు లాగెనో నేనెన్నఁడును విచారింపలేదు. మా యింట దేవదత్తుఁడు వండలేదు. మా తల్లి వండినది. ఆమె తరువాత నా భార్య వండినది. ఉదాహరణమున వంట పురుషునిది, ఇంటిలో స్త్రీది. ఈ వైరుధ్యమును గూర్చి యోచింపఁగాఁ దోఁచిన సంగతులను విద్వాంసుల సన్నిధిని నివేదించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

నేను చెప్పఁదలఁచిన దొక్కటియే. తెలుఁగువారి యింటివంట యొక శాస్త్రము. దానికిఁ బరిభాష కలదు, సంప్రదాయము కలదు, పాఠభేదములు కలవు, గురుశిష్యపరంపర కలదు. రాజుల భోజనమును, దేవుని నైవేద్యమును, పూఁటకూళ్లయింటి విస్తరిని మన గ్రంథములును శాసనములును భద్రపఱచినవి. ప్రతిదినము ప్రతియింటను జరుగు వంటను వ్రాసిపెట్టినవారు మాత్రము మిక్కిలి తక్కువ. కావున నా చరిత్రమును వెదకవలసిన చోటు వండువారి నోటిమాట. ఆ మాట తెలిసినవారు తరలిపోవుచున్నారు. నేను పుట్టిన ముదిగొండసీమను నిదర్శనముగాఁ గొని యీ విషయమును విశదీకరింతును.

శాస్త్రకారులు చూచిన వంట

మహాభాష్యకారుఁడు కారకాధికారమును వ్యాఖ్యానించుచుఁ బచిక్రియను విడఁదీసి చూపెను. కుండను బొయ్యిమీఁది కెక్కించుట, నీరు పోయుట, బియ్యము వేయుట, కట్టెల నెగఁద్రోయుట, ఇవి ప్రధానకర్త చేయు పాకము. ఇంత బియ్యమును దనయందుఁ బట్టి యుంచుకొనుట కుండ చేయు పాకము. మండుట కట్టెలు చేయు పాకము. ఒక్క మెతుకును బట్టి చూచి కుండెడన్నము సంగతిఁ దెలిసికొను స్థాలీపులాకన్యాయమును నా ప్రకరణముననే యున్నది. బిచ్చగాండ్రు వత్తురను భయముచే నెవ్వరును గుండల నెక్కింపక మానరను లోకోక్తియు నాతఁడు ప్రయోగించినదే. క్రీస్తునకుఁ బూర్వము రెండవ శతాబ్దివాఁడని చరిత్రకారులు తలంచు నీ మహామహుఁడు వంటయింటి గడప కడ నిలిచి శ్రద్ధతోఁ జూచినవాఁడని నా నమ్మకము.

పాణిని మహర్షియు భోజనపదార్థముల కుపేక్ష చేయలేదు. అన్నమును వ్యంజనముతోను, భక్ష్యమును దానితోఁ గలియు వస్తువుతోను సమసింపఁజేయుటకు వేఱువేఱు సూత్రములఁ గట్టెను. మొదటిదానికి దధ్యోదనము, రెండవదానికి గుడధానలు ప్రసిద్ధోదాహరణములు. పెరుఁగుచేఁ దడుపఁబడిన యన్నము వేఱు, బెల్లముతోఁ గలిపిన వేఁపుడుధాన్యము వేఱు. కలయికలోని యీ భేదమును వైయాకరణుఁడు గుర్తించెను. అమరసింహుఁడు వైశ్యవర్గమున వంటయింటికి రసవతి, పాకస్థానము, మహానసము అను పేళ్లు చెప్పి, వంటవానిని, అన్నమును, గంజిని, పులియఁబెట్టిన కడుగును బేరుపేరునఁ బఠించెను.

ఇఁకఁ బాకగ్రంథములు. కల్యాణచాళుక్యచక్రవర్తియగు మూఁడవ సోమేశ్వరుఁడు (1126-1138) రచించిన మానసోల్లాసమున నన్నభోగమను ప్రకరణము కలదు. అందు నేఁటి మన యిడ్డెనలకును దోసెలకును బూర్వరూపములనఁదగిన భక్ష్యములు వర్ణింపఁబడినవి. నలునిపేర నొక పాకదర్పణము ప్రచారమున నున్నది. పదునేడవ శతాబ్దిని దంజావూరి మహారాష్ట్రప్రభువుల యాశ్రయమున రఘునాథపండితుఁడు భోజనకుతూహలమును సంతరించెను. ఇవి యన్నియు రాజమందిరములకో వైద్యశాస్త్రమునకో సంబంధించినవి. లోకము రుచిని మెచ్చుకొనునప్పుడు సయితము నలపాకమనియు భీమపాకమనియు నిద్దఱు పురుషుల పేళ్లే చెప్పును. నలుఁడును భీముఁడును అజ్ఞాతవాసమునఁ గొన్నినాళ్లు వండిరి. బ్రదుకంతయు వండినవారి పేరు సామెతలోనికిఁ గూడ నెక్కలేదు.

తెలుఁగు శాసనములును గావ్యములును

మన దేవాలయశాసనములఁ బరికించినచో నైవేద్యమునకు బియ్యమింత, పప్పింత, నేయి యింత, తాంబూలమునకుఁ బోఁకలిన్ని యని లెక్క యుండును. 1261వ సంవత్సరమున రుద్రమదేవి కాలమున వెలసిన మల్కాపురశాసనము గోళకీమఠమునకుఁ జేరిన యన్నసత్రమును, బ్రసూతిశాలను, ఆరోగ్యశాలను బేర్కొనుచున్నది. ఇవి వస్తువుల పట్టికలు, ధర్మముల పట్టికలు. వండు విధము వీనియందుండదు. ఉండవలసిన పనియు లేదు.

కావ్యములు కొంత మేలు. పాలకురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమున భక్ష్యముల పేళ్లను గుప్పలుగాఁ బోసెను. బసవపురాణమున శివునకుఁ దల్లి లేదని చింతించి తానే తల్లియై సాఁకిన బెజ్జమహాదేవి కథఁ జెప్పుచు, బిడ్డకుఁ బెట్టుతల్లి చేతిని దేవునిదాఁకఁ గొనిపోయెను. క్రీడాభిరామము ఓరుగంటి పూఁటకూళ్లయింట నొక్క రూకకు దొరకు భోజనమును వర్ణించును. కప్పురభోగి బియ్యపుటన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడు కాఁచిన యావునేయి, పెసరపప్పు, అరఁటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుఁగు, ఇది యా విస్తరి. పరుండువఱకుఁ బట్టణమునఁ దిరుగు బాటసారులకుఁ దగిన భోజనమే కాని, ఊరిలోని కాఁపురపుటింట దినదినము దినుకూడు గాదు.

పల్లెకూటిని గూర్చి వినవలెనన్న శ్రీనాథుని పేరఁ జెల్లు పల్నాటి చాటువులఁ జూడవలెను. జొన్నకూటి నాతఁడు వేళాకోళము చేసెను. కవి గేలిచేసినందుననే యా సీమయందు నిత్యాహారము జొన్నయని మనకుఁ దెలియుచున్నది. నింద యైనను సాక్ష్యమే.

వీని యన్నిఁటిలో నింటివంటకు మిక్కిలి దగ్గఱగా వచ్చినది శ్రీకృష్ణదేవరాయల (1509-1529) యాముక్తమాల్యద. విష్ణుచిత్తుఁడు ఋతువు ననుసరించి యతిథులకుఁ బెట్టిన విందు లందు వర్ణితములు. వానకాలమున వరియన్నము, ఒలిచిన పప్పు, నాలుగైదు పొగపిన కూరలు, వడియములు, వరుగులు, పెరుఁగు. వేసవిని నులివెచ్చని యన్నము, తియ్యని చారు, పలుచని యంబలి, చెఱకుపాలు, ఎడనీరు, వడపిందెలు, మజ్జిగ. చలికాలమున మిరియపుఁబొడి చల్లిన వేఁడి కూరలు, ముక్కునకెక్కు నావపచ్చళ్లు, చేయి సుఱుక్కను నేయి. ఇది విందే యైనను, ఋతువును జూచి వండు నేర్పు గృహిణిది. ఒక్క సంగతి గమనింపుఁడు. వానకాలపు విస్తరిలో వడియమును వరుగును నున్నవన్న, నాలుగు నెలలకు ముందు వైశాఖపుటెండలో నెవరో యొక యిల్లాలు పిండి రుబ్బి, కూరగాయలఁ దఱిగి, మిద్దెపై నెండఁబెట్టి, కాకులఁ దోలినదన్నమాట. కావ్యమున వడియము పేరున్నది. ఎండలోఁ గూర్చున్నయామె పేరు లేదు.

ముదిగొండసీమ

ఖమ్మమునకుఁ జేరువనున్న ముదిగొండ చరిత్రకారులకుఁ గొత్త యూరు కాదు. క్రీ.శ. తొమ్మిదవ శతాబ్ది మొదలుకొని కొన్ని తరములు చాళుక్యశాఖ యొకటి యీ యూరిపేరఁ బ్రసిద్ధి వహించి వేంగీచాళుక్యులకు సామంతమై మెలఁగినది. ఆ వంశమునకు సంబంధించిన కొరవిశాసనము తెలుఁగు వచనమునకుఁ బ్రాచీనోదాహరణములలో నొకటి. పొరుగున నేలకొండపల్లి కలదు; బౌద్ధస్తూపశిథిలములకును, భద్రాచలరామదాసుగాఁ బ్రసిద్ధుఁడైన కంచెర్ల గోపన్న జన్మమునకును దానికిఁ బేరు. పడమరను మెట్టపొలములు, నడుమ మున్నేఱు, తూర్పునఁ బోఁబోవ భద్రాచలపుటడవులు. మూఁడువిధముల నేల మూఁడువిధముల కూడు పెట్టినది.

మా నాయనమ్మ కాలమున నీ సీమయందుఁ బేదయింటఁ బ్రధానాహారము జొన్న. జొన్నరొట్టె, జొన్నగటక, అంబలి, వీనితోఁ బుంటికూర, పచ్చిపులుసు, ఏదేని తొక్కు. వరియన్నము పండుగనాఁటిది, చుట్టము వచ్చిననాఁటిది. రెండు కారణములచే నీ స్థితి మాఱినది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము 1967లో నీరు విడువఁగా నెడమకాలువ యీ మెట్టనేలలను మాగాణము చేసినది. తరువాత 1983లో రెండు రూపాయలకుఁ గిలో బియ్యము పథకము వచ్చి, పొలము లేనివాని కుండలోనికిఁ గూడ వరిబియ్యము చేరినది. ఆఁకలి తగ్గినది, ఇది మంచి. కాని యొక్క తరములో జొన్నతోఁ జేయు పనుల పేళ్లు సగము మఱపునఁబడినవి. జొన్నను గటకకుఁ దగినట్లు పగులవిసరుటకును రొట్టెకు మెత్తఁగా విసరుటకును గల తేడా మా నాయనమ్మ చేతికి, తిరుగలి చప్పుడును బట్టియే, తెలియుచుండెడిది. నేఁడా చప్పుడు లేదు.

ఎసరు, ఎసట, అత్తెసరు

ఇప్పుడు నా తప్పిద మొకటి చెప్పుకొనవలెను. నేను సంస్కృతపాఠశాలనుండి సెలవులకు వచ్చిన యొక యేఁడు మా తల్లి నాతో, "ఎసట్లో బియ్యం పోసినా, కొంచెం మంట చూడు నాయనా" యన్నది. నూతనవైయాకరణుఁడను గదా! "ఎసట్లో అనఁగూడదమ్మా, ఎసరులో అనవలెను" అని దిద్దితిని. ఆమె నవ్వి, "అట్లనే అంటలే" యన్నది. అటుపై నా యెదుట నామె యా మాటను బలుకుట మానినది. పొయ్యి కడ నేదో సంకోచముతో "నీళ్లల్లో" అనెడిది.

కొన్నేండ్లకుఁ బరవస్తు చిన్నయసూరిగారి బాలవ్యాకరణమును (1858) బాఠము చెప్పుచు నౌపవిభక్తికప్రకరణమున కాఁగితిని. ఏఱు, ఏటిలో, నోరు, నోటిలో, అట్లే ఎసరు, ఎసటిలో. ఏటిలో యనునది వాడుకలో నేట్లో యైనట్లు, ఎసటిలో యనునది యెసట్లో యైనది. అక్షరము రాని మా తల్లి చెప్పినది సలక్షణము; నేను దిద్దినదే యపలక్షణము. అప్పటి కామె లేదు. తప్పును సవరించుకొనుట కెదుట నెవరును లేరు.

పిమ్మట నింటిమాటల నొకటొకటిగా విన మొదలిడితిని. అన్నము వండు రెండుపద్ధతులకుఁ దెలుఁగున రెండు పేళ్లున్నవి. నీరు విరివిగాఁ బోసి, మెతుకు పట్టి చూచి, మిగిలిన గంజిని వంపివేయుట వార్పు. బియ్యమునకుఁ జాలినంత నీరు మాత్రమే పోసి, వార్పక, నీరంతయు మెతుకులోనికే యింకునట్లు చేయుట యత్తెసరు. అత్తు, ఎసరు అను రెండు మాటలకు సంధి. అత్తుట యనఁగా నంటుకొనుట. మన పాఠశాలలలో విద్యార్థి కత్తెసరు మార్కులు వచ్చినవని ప్రతిదినము చెప్పుకొనుచున్నాము. ఉత్తీర్ణతకుఁ జాలీచాలని మార్కులను బేర్కొనుటకు వంటయింటి మాటయే మనకు సాయపడుచున్నదని యెందఱ మెఱుఁగుదుము?

క్రియాపదముల సంపద యింకను గొప్పది. సంస్కృతమునఁ బిష్ ధాతువుచేతఁ జెప్పు పని తెలుఁగింట సాధనమును బట్టియుఁ దడిపొడులను బట్టియు నాలుగు క్రియలైనది. రోఁకలితో దంచుదురు, తిరుగలితో విసరుదురు, సన్నికంటిపైఁ బొత్రముతో నూఱుదురు, రుబ్బురోటను దడిపప్పును రుబ్బుదురు. ఒకదాని స్థానమున నింకొకదానిని వాడినచో నింటివారు నవ్వుదురు. కొలతలకును బరిభాష కలదు. పిడికెఁడు, చారెఁడు, దోసెఁడు, చిటికెఁడు, నిమ్మకాయంత, ఉసిరికాయంత. వీని కన్నిఁటికిని బైనిది "తగినంత" యను మాట. ఉప్పు తగినంత యన్నది లెక్క లేమి కాదు. ఆనాఁటి చింతపండు పులుపును, ఆ యింటి నీటి రుచిని, తినువారి వయస్సును దెలిసిన చేయి మాత్రమే నిర్ణయింపఁదగిన కొలత యది.

క్రొత్త వస్తువులకుఁ బ్రాఁత పేళ్లు

రాయల చలికాలపు విస్తరిని మఱల స్మరింపుఁడు. కారమునకు మిరియము, ఘాటునకు నావ. మిరపకాయ యందు లేదు. అది యమెరికాఖండమునఁ బుట్టి, పోర్చుగీసువారి యోడలలోఁ బదునాఱవ శతాబ్దిని మన తీరమునకు వచ్చినది. వారు గోవాను బట్టుకొన్నది 1510లో, రాయలు రాజ్యము చేయుచున్న కాలముననే. క్రొత్త కాయకు మనవారు పరభాషాపదమును దెచ్చుకొనలేదు. కారముగానున్న ప్రాఁత వస్తువు మిరియము. దానిని బట్టి మిరపకాయ యన్నారు. నేలలోఁ గాయు నూనెగింజను జూచి వేరుసెనగ యన్నారు. క్రొత్త కంకిని జూచి మొక్కజొన్న యన్నారు. జీడికలిగిన పండును జూచి జీడిమామిడి యన్నారు. సీమచింత, సీమవంకాయ, ఇట్లే. ఎఱుఁగనిదాని నెఱిఁగినదానితోఁ బోల్చి పేరిడుట నైయాయికుల యుపమానప్రమాణము. గవయమును గోవుతోఁ బోల్చి గుర్తించు శాస్త్రోదాహరణమునకు మొక్కజొన్న యే విధమునను దీసిపోదు. ఈ సమాసములను గల్పించిన పండితు లెవరు? పొలముననుండి వచ్చిన క్రొత్త కాయను మొదట ఱాతిపై నూఱి నాలుకపై నుంచుకొన్నవారే యై యుందురు.

నేఁడు ఖమ్మపు మిరపయంగడి దేశమునఁ బెద్దవానిలో నొకటి. మూఁడువందల యేండ్లలోఁ బరదేశపు కాయ మన పొలమునకును, గుణమునకును, సామెతకును జుట్టమైనది. మా సీమయందుఁ బచ్చడిని దొక్కు అందురు. రోటిలో వేసి తొక్కునది కావునఁ దొక్కు. చేయు పనియే చేసిన వస్తువునకుఁ బేరైనది. కృదంతవృత్తికి దీనికన్నఁ జక్కని తెలుఁగుదాహరణము నాకుఁ దెలియదు.

పంచుకొనుట

ఈ శాస్త్రమునకు గ్రంథము లేనిచో నూరినుండి యూరికి, తరమునుండి తరమునకు నెట్లు ప్రాఁకినది? దీనికి మూఁడు మార్గములు కనఁబడుచున్నవి.

మొదటిది వియ్యము. కూఁతు నత్తవారింటికిఁ బంపునప్పుడు సారె పెట్టుదురు. సారెలోని పిండివంట యత్తవారి యూరిలో నింటింటికిఁ బంచఁబడును. తిన్నవారు "ఇది యెట్లు చేసినారు?" అని యడుగుదురు. క్రొత్తకోడలు చెప్పును. ఆ యూరి పద్ధతిని దాను నేర్చుకొనును. పుట్టినింటి పాఠమును మెట్టినింటి పాఠమును గలిసి మూఁడవ పాఠము పుట్టును. తాళపత్రప్రతులను సరిచూచు పండితుఁడు చేయు పనియే యిది.

రెండవది వాయనము. నోములయందు నానిన సెనగలును, భక్ష్యములును జేతినుండి చేతికి మాఱును. ఇందు మాత్రము శాస్త్రమునకన్న శ్రద్ధ ప్రధానము.

మూఁడవది బతుకమ్మ. తొమ్మిదవనాఁటి సాయంకాలము చెఱువుగట్టున సద్దులు విప్పుదురు. పెరుఁగన్నము, పులిహోర, నిమ్మకాయసద్ది, కొబ్బరిసద్ది, నువ్వులసద్ది, మలీద, సత్తుపిండి. బతుకమ్మను నీట విడిచిన పిదప నెవరి పళ్లెములోనిది వారు తినరు. ఒకరిది యొకరికిఁ బంచుదురు. ఒక్క నువ్వులసద్దియే పది యిండ్ల చేతులలోఁ బది రుచులుగాఁ గనఁబడును. "నువ్వులు దోరగా వేయించినావా, పచ్చివే దంచినావా?" అను చర్చ యచ్చటనే జరుగును. పండితపరిషత్తునకు నీ పరిషత్తునకు భేదము, ఇచ్చట నోడినవారు కూడఁ దృప్తిగా నింటికిఁ బోవుటయే.

ఇందలి సత్తుపిండిని గూర్చి యొక మాట. సత్తు సక్తుశబ్దమునకుఁ దద్భవము. సక్తువులను జల్లెడతో శోధించుటను వాక్కును శోధించుటకు సామ్యముగాఁ జెప్పిన ఋక్కును మహాభాష్యకారుఁడు పస్పశాహ్నికమున వ్యాకరణప్రయోజనములలో నుదాహరించెను. ఆ యాహ్నికమును జదివి నేను బండితుఁడ నైతిని. ఆ జల్లెడను బట్టిన చేయి మా వాకిటనే యుండఁగాఁ జూడనైతిని.

పొరుగడవితోఁ బంపకము వేఱు తీరుది. అడవినుండి సంతకుఁ జింతపండు, తేనె, ఇప్పపువ్వు దిగివచ్చును. సంతనుండి యుప్పు, మిరప యెక్కిపోవును. పల్లెలోని పులుసులో నడవియున్నది, అడవిలోని గంజిలో సముద్రమున్నది. గోదావరికొండలయందలి కొండరెడ్లను గూర్చి హైమెండార్ఫు పండితుఁడు 1945లో వెలువరించిన గ్రంథమున జీలుగుచెట్టు వారి బ్రదుకున కెంత యాధారమో వివరింపఁబడినది. దాని కల్లు పానీయము. కఱవువేళ దాని దూటనుండి తీసిన పిండి యాహారము. మామిడిటెంకలోని జీడిని నానఁబెట్టి, చేఁదు వోఁగొట్టి, పిండి చేసి యంబలి కాఁచుకొనుటయు వారెఱుఁగుదురు. తినరానిదానిని దినఁదగినదానినిగాఁ జేయుటయే పాకమున కసలు ప్రయోజనమన్నచో, వారిది మన పిండివంటలకన్న గహనమైన విద్య.

ఒక పాకవిధి

ఇంత చెప్పి యొక్క వంటయైనఁ జెప్పకున్న నీ వ్యాస ముప్పులేని కూర యగును. మా సీమ పచ్చిపులుసును జెప్పెదను. నిమ్మకాయంత చింతపండును గడిగి నీట నాననిచ్చి, పిసికి, పిప్పిఁ దీసివేయవలెను. పచ్చిమిరపకాయల నిప్పులపై మచ్చలు పడునట్లు కాల్చవలెను. ఉల్లిగడ్డను సన్నముగాఁ దఱిగి, కాల్చిన మిరపకాయలను, తగినంత యుప్పును, కొత్తిమీరను జేర్చి చేతితో గట్టిగా నలుపవలెను. ఉల్లి నీరూరిన తరువాతనే చింతపండురసము పోసి, దానికి రెండుమూఁడింతలు చన్నీరు కలుపవలెను. చిటికెఁడు బెల్లము వేయువారు వేయుదురు. కడపట నూనెలో నావాలు, జీలకఱ్ఱ, ఎండుమిరప, కరివేపాకు పోపు. పోపు తప్పఁ బులుసు పొయ్యి నెక్కదు, కావుననే పచ్చి.

ఇందు ముఖ్యము క్రమము. ముందే నీరు పోసి పిదప నుల్లి వేసినచో వస్తువులన్నియు నవియే, రుచి మాత్రము రాదు. క్రమము కలిగిన వ్యాపారసమూహమే క్రియ యని భర్తృహరి సిద్ధాంతము. దానిని నేను వాక్యపదీయమునఁ జదివితిని. పచ్చిపులుసు పాడుచేసికొని గ్రహించితిని. భార్య జబ్బుపడిన పదునైదు దినములు వంట నాపాలఁ బడెను. అప్పుడు గదా దేవదత్తుని కష్టము నాకుఁ దెలిసినది!

అచ్చునకు వచ్చిన వంట

ఇరువదవ శతాబ్దియందు స్త్రీల నోటిమాట పత్రికలలోనికి రాఁజొచ్చెను. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీచందూర్‌గారు ప్రమదావన మను శీర్షికను బలు దశాబ్దములు నడపిరి. ఆమె సంతరించిన వంటలు పిండివంటల పుస్తకము పెక్కు ముద్రణములఁ బొంది, క్రొత్తగాఁ గాఁపురమునకుఁ బోవు కూఁతులకు సారెతోపాటు పెట్టు గ్రంథమైనది. 1949లో వెలువడిన సురవరము ప్రతాపరెడ్డిగారి యాంధ్రుల సాంఘికచరిత్రము తిండితీర్థములను జరిత్రవస్తువుగా గౌరవించి త్రోవ చూపినది. ఇటీవల నూఱేండ్లు దాఁటిన ముదుసలిగాఁ బ్రసిద్ధిఁగాంచిన మస్తానమ్మ చెట్టుక్రిందఁ గట్టెలపొయ్యిపై వండుచుండఁగా దీసిన చిత్రములను దేశదేశములవారు చూచిరి. ఆమె 2018లో మరణించినది. గోదావరిలంకలలో నన్నపూర్ణయని పేరొందిన డొక్కా సీతమ్మగారి (1841-1909) పేరు నేఁటికిని నిలిచియున్నది. అదియు నామె పెట్టిన చేతివలనఁ గాని, వండిన నేర్పువలనఁ గాదు.

శబ్దరత్నాకరము (1885), సూర్యరాయాంధ్రనిఘంటువు కావ్యపదములకుఁ బెన్నిధులు. వృత్తిపదములను బల్లెపల్లెకుఁ బోయి సేకరించు పనిని భద్రిరాజు కృష్ణమూర్తిగా రారంభించి 1962లో వ్యవసాయపదములను, 1971లో నేఁతపదములను మాండలికకోశములుగా వెలువరింపఁజేసిరి. అట్టి శ్రద్ధయే వంటపదములపట్లను జూపవలసియున్నది. గ్యాసుపొయ్యి వచ్చి కట్టె నెగఁద్రోయు పనిని మాన్పినది. మిక్సీ వచ్చి దంచుట, నూఱుట, రుబ్బుట, విసరుట యను నాల్గింటి నొక్క మీఁటలో నడఁచినది. ఆఁడువారి నడుములు బ్రదికినవి గాన దీనికి నేను విచారింపను. వంట స్త్రీల కొక్కరికే విధి యనియు నా మతము గాదు. పని పోవచ్చును. పనితోఁబాటు మాటయు, మాటతోఁబాటు తెలివియుఁ బోవుటయే నష్టము.

మా తల్లి వానకాలమున వంకాయవరుగులతో నొక పులుసు పెట్టెడిది. అందు నువ్వులపొడి యున్నదని తెలియును. మఱియొక వస్తువేదో యుండెడిది. నా భార్య మూఁడుమాఱులు ప్రయత్నించినది. ప్రతిమాఱును మంచి పులుసే యైనది, కాని యది కాలేదు. ఏఁబది సూత్రముల యనువృత్తిని గంఠస్థముగాఁ జెప్పఁగల నాకు నా పులుసులో నేమి వేసెదవని తల్లి నొక్కసారి యడుగవలెనని తోఁచలేదు.

కావునఁ బాఠశాలాపండితులకు నాదొక మనవి. మీ తరగతియందలి ప్రతి విద్యార్థిని, బాలుని గాని బాలికను గాని, ఇంట వండువారి కడకుఁ బోయి యొక్క వంటవిధమును, పది వంటమాటలను వ్రాసికొని రమ్మనుఁడు. చెప్పినవారి యూరు, పుట్టినిల్లు, మెట్టినిల్లు వ్రాయింపుఁడు. జొన్న విసరిన ముసలమ్మ యింకను నుండిన నా యింటికి ముందు పంపుఁడు. వచ్చిన కాగితములను మన సమాజమునకుఁ జేర్చినచో నొక్క సంవత్సరములోఁ గోశమునకుఁ జాలిన సామగ్రి సమకూడును. ఒక్క నియమము మాత్రము పాటింపుఁడు. వారు పలికినట్లే వ్రాయనిండు; దిద్దకుఁడు. ఎసట్లో అని పలికిన తల్లి యొకతె నా మాటకు సంకోచించి యా పదమును మానుకొన్నది. ఆ దోషమునకు నీ వ్యాసమే నేను జేసికొనఁగల ప్రాయశ్చిత్తము.